పడవ యెక్కిన పాటగాడు
ఫ్రెంచి పేర్లు మోయుచున్న ఈ పుదుచ్చేరి వీధులలో తిరుగువారికి ఆంత్వాన్ కథ వినదగినది.

ఆయన 1944లో మడగాస్కరునందలి తమతావ్ రేవున జన్మించెను. పారిసులోని ఎకోల్ సాంత్రాల్ యందు ఇంజనీరు పట్టము పొందెను. అంత చదివియు, జుట్టు పెంచి, పూలచొక్కా తొడిగి, గిటారు చేతబట్టి రాక్ పాటలు కట్టెను!

1966లో ఆయన ‘ఎలుక్యుబ్రాస్యోఁ’ పాట మారుమ్రోగెను. అందు గర్భనిరోధక మాత్రలను మోనోప్రీ దుకాణములలో అమ్మవలెననెను. 1920 నాటి చట్టము వానిని నిషేధించియున్న కాలమది. ప్రసిద్ధ గాయకుడగు జానీ హాలిడేను సర్కసు బోనులో పెట్టవలెననియు పాడెను. జానీ ఆ పొడుగు జుట్టును ఎత్తిపొడుచుచు పాటతోనే బదులు చెప్పెను. ఇది వట్టి వినోదము. మాత్రల మాట అట్టిది కాదు: 1967 డిసెంబరులో ఫ్రాన్సు గర్భనిరోధమును అనుమతించుచు చట్టము చేసెను. వెఱ్ఱివాడనిపించుకొన్నవాడు శాసనసభకు ముందు నడచెను గదా!

1974లో ఆయన తెరచాపపడవలో సముద్రయానమునకు వెడలెను. ఆ పడవ పేరు ‘ఓం’.