వోల్టు, ఆంపియరు, ఓము: పంచాయతీకి పనికివచ్చు లెక్క

(గోదావరి డెల్టా గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



కాలువ నీటి లెక్క మన డెల్టా రైతునకు ఎవరును నేర్పనక్కర లేదు. 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని ప్రారంభమై 1852లో పూర్తియైన నాటినుండి లాకు, తూము, శివారు అను మాటలు మన ఇంటిమాటలైనవి. విద్యుత్తు లెక్క మాత్రము లైనుమానుదో, ఇంజనీరుదో యని మనలో పెక్కుమంది తలచుచున్నాము. వీధిదీపములకును, మంచినీటి మోటారుకును వచ్చు బిల్లు పంచాయతీ నెత్తినే పడును. కావున ఆ లెక్క మనకును తెలియవలెను. గుణకారము, భాగహారము వచ్చిన వారెల్లరు దానిని చేయవచ్చును.

కాలువలో నీరు పారుటకు ఎగువకును దిగువకును మట్టములో తేడా యుండవలెను. తీగలో విద్యుత్తును త్రోయు అట్టి తేడాయే వోల్టేజి. పారు నీటిని క్యూసెక్కులలో కొలిచినట్లు, పారు విద్యుత్తును ఆంపియర్లలో కొలుతురు. గుర్రపుడెక్క పెరిగినను, కాలువ ఇరుకైనను నీటికి అడ్డు కలుగును. అట్లే తీగ సన్నమైనను, పొడవైనను, అతుకులు వదులైనను విద్యుత్తునకు అడ్డు హెచ్చును. ఆ అడ్డే నిరోధము. దాని కొలత ఓము. జర్మనీ దేశపు ఉపాధ్యాయుడు జార్జి సైమన్ ఓము 1827లో ప్రకటించిన నియమము ననుసరించి, వోల్టులను ఆంపియర్లచే భాగించిన నిరోధము వచ్చును.

రెండవ లెక్క శక్తిని గూర్చినది. దిగువ సీలేరు విద్యుత్కేంద్రమున 1970 దశాబ్దమున నెలకొల్పిన నాలుగు యంత్రములలో ఒక్కొక్కదాని బలము 115 మెగావాట్లు. నీరు పడు ఎత్తు, పారు నీరు, ఈ రెంటి గుణకారమే ఆ బలమునకు మూలము. ఆ నీరే శబరిలో కలసి, గోదావరిలో చేరి, మన దాళ్వా పంటకు వచ్చుచున్నది. తీగలో కూడ ఇదే తీరు: వోల్టులను ఆంపియర్లచే గుణించిన వాట్లు వచ్చును. వేయి వాట్లు ఒక గంటసేపు వాడిన మీటరుపై ఒక యూనిట్టు తిరుగును.

ఉదాహరణము చూతము. 230 వోల్టుల వద్ద ఒక నీళ్ళ హీటరు 4.35 ఆంపియర్లు తీసికొనుచున్నది. భాగించిన, నిరోధము సుమారు 53 ఓములు; గుణించిన, శక్తి సుమారు 1000 వాట్లు. వోల్టేజి 200కు పడిపోయినచో ప్రవాహము 3.77 ఆంపియర్లగును, శక్తి 755 వాట్లకు దిగును. వోల్టేజి ఎనిమిదవ వంతు తగ్గగా శక్తి నాలుగవ వంతు తగ్గినది! మోటారు తీరు వేరు. వోల్టేజి తగ్గినను బరువు తగ్గదు గనుక అది ఎక్కువ ఆంపియర్లు లాగి, వేడెక్కి, తుదకు కాలిపోవును. మోటారు లెక్కలో పవర్ ఫాక్టరుచే కూడ గుణింపవలెను. త్రీఫేజు మోటారైనచో మరల 1.732 చే గుణింపవలెను.

శివారు పొలమునకు నీరందనట్లు శివారు ఇంటికి వోల్టేజి ఏల అందదు? రానుపోను తీగల నిరోధము 2 ఓములనుకొనుడు. 10 ఆంపియర్లు పారిన, 20 వోల్టులు దారిలోనే పోవును. 200 వాట్లు తీగ వేడెక్కుటకే వ్యర్థమగును. 20 ఆంపియర్లు పారిన, 40 వోల్టులు, 800 వాట్లు పోవును. ప్రవాహము రెండింతలైన నష్టము నాలుగింతలగును. వరిచేల మోటార్లకు రొయ్యల చెరువుల ఏరేటర్లు తోడైన ఊళ్ళలో ఈ సంగతి మరువరాదు. లావు తీగ కొరకో, కొత్త ట్రాన్స్‌ఫార్మరు కొరకో విద్యుత్ పంపిణీ సంస్థకు అర్జీ పెట్టునపుడు ఏ వేళ, ఏ చివర, ఎన్ని వోల్టులున్నవో వ్రాసి యిచ్చిన మన మాటకు బలము చేకూరును.

ఇక వీధిదీపములు. చోకుతో కలిపి 50 వాట్లు తీసికొను ట్యూబులైట్లు 60 ఉన్న ఊరిలో రాత్రికి 12 గంటల చొప్పున 36 యూనిట్లు, నెలకు 1,080 యూనిట్లు ఖర్చగును. వాని స్థానమున 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపములైన నెలకు 432 యూనిట్లు చాలును. మిగులు 648 యూనిట్లు. ఏ దీపములైనను పగలు కూడ ఆర్పక విడిచినచో ఖర్చు రెట్టింపగును.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణము. ఒడలు తడిసిన మనుష్యుని నిరోధము సుమారు వేయి ఓములకు దిగవచ్చును. 230 వోల్టుల తీగ తగిలిన 0.23 ఆంపియరు ఒంటిలో పారును. ప్రాణము తీయుటకు అది చాలును. ఐదు ఆంపియర్ల ఫ్యూజు కాలుటకు మాత్రము చాలదు. కావున ఫ్యూజు మనుష్యుని కాపాడునని నమ్మరాదు. మోటారు పెట్టెకు సరియైన ఎర్తు వేయించి, 0.03 ఆంపియరు బయటికి కారినంతనే లైను తెగునట్టి ఎర్త్ లీకేజి బ్రేకరు పెట్టింపవలెను.

మనమెవ్వరమును స్తంభమెక్కరాదు, తీగ ముట్టరాదు. కొలుచుట లైనుమాను పని. కొలిచిన అంకెలను పుస్తకములో వ్రాయించి లెక్క చూచుట మన పని. రాబోవు సమావేశమునకు మంచినీటి మోటారు వోల్టులు, ఆంపియర్లు, వీధిదీపముల సంఖ్య, వాని వాట్లు తెప్పించి బిల్లు ప్రక్కన ఉంచుడు. బ్రేకరు లేని మోటారు ఏదియో కూడ ఆనాడే తేల్చుడు.