చిలకపలుకులు – గంగిరెద్దు తల ఊపులు



"మా కుక్కకి మాట ఒక్కటే తక్కువండీ" అని పెంపుడు జంతువులున్న ఇళ్ళలో తరచు వింటూ ఉంటాం. అదే నోటితో, అర్థం తెలియకుండా వల్లించేవాణ్ణి చూసి చిలకపలుకులంటాం. అన్నిటికీ సరేననేవాణ్ణి చూసి గంగిరెద్దులా తల ఊపుతున్నాడంటాం. జంతువుకు బుద్ధి ఉందనేదీ మనమే, లేదనేదీ మనమే. ఇందులో నిజమెంత?

ముందు ప్రశ్న ఏమిటో తేల్చుకుందాం. యజమానిని గుర్తుపట్టడం, అన్నం వేళకు వచ్చి కూర్చోవడం ఒక రకం తెలివి. కంటికి కనిపించని భావాన్ని పట్టుకోవడం ఇంకొక రకం. మిరపపండు, కుంకుమ, మందారం మూడూ వేరువేరు వస్తువులు. వాటిలోంచి "ఎరుపు" అనే భావాన్ని విడదీసుకునేది మనస్సు. "మూడు", "ఒకే రకం", "ఏమీ లేదు" అనేవి కూడా అటువంటివే. వీటిని అమూర్త భావాలంటారు. ఇవి జంతువులకు అందుతాయా అన్నదే మన ప్రశ్న.

ఇందులో పొరబడటం చాలా సులువు. గత శతాబ్దం మొదట్లో బెర్లిన్ నగరంలో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తోందని పెద్ద పేరు వచ్చింది. రెండూ మూడూ ఎంత అని అడిగితే గిట్టతో అయిదుసార్లు తట్టేది. దాని యజమాని ఫాన్ ఓస్టెన్ లెక్కల మాస్టారు. ఆయన మోసగాడు కాడు. ఓస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు శ్రద్ధగా పరీక్షించి, 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. అడిగేవాడికే జవాబు తెలియకపోయినా, అడిగేవాడు గుర్రానికి కనిపించకపోయినా, లెక్క తప్పేది. సరైన అంకె రాగానే మనిషి తల తనకు తెలియకుండానే రవ్వంత కదిలేది. ఆ కదలికను చూసి గుర్రం తట్టడం ఆపేది.

మన గంగిరెద్దులవాడి ఎద్దు చేసేదీ అటువంటిదే. "అమ్మగారికి దండం పెట్టు" అన్న మాటకు అర్థం దానికి తెలియనక్కరలేదు. యజమాని సైగ, గొంతులోని మలుపు తెలిస్తే చాలు. ఇదీ తెలివే, కాని అమూర్త భావం కాదు. చిన్న కారణం సరిపోయేచోట పెద్ద బుద్ధిని అంటగట్టవద్దని 1894లోనే లాయిడ్ మార్గన్ అనే శాస్త్రవేత్త హెచ్చరించాడు.

మరి సైగలకు తావులేకుండా పరీక్షిస్తే ఏం తేలింది? 1977లో అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త పెంపుడు జంతువుల దుకాణంలో ఒక బూడిదరంగు ఆఫ్రికా చిలకను కొన్నది. దానికి అలెక్స్ అని పేరు పెట్టి, 2007లో అది చనిపోయేదాకా, ముప్పయ్యేళ్ళు దానికి పాఠాలు చెప్పింది. అలెక్స్ రంగులు, ఆకారాలు, ఆరుదాకా లెక్క నేర్చుకున్నది. రెండు వస్తువులు చూపించి "ఏది వేరు?" అంటే, రంగో, ఆకారమో, పదార్థమో చెప్పేది. అన్నీ ఒకటే అయితే "ఏదీ కాదు" అనేది. ఎన్నడూ చూడని వస్తువుల మీద కూడా ఇలా చెప్పగలిగింది. ఇవి చిలకపలుకులు కావు. చిలక నోట వచ్చినా, అర్థం తెలిసి వచ్చిన మాటలు.

ఇక కుక్క సంగతి. అమెరికాలోనే జాన్ పిల్లీ అనే విశ్రాంత ఆచార్యుడు చేజర్ అనే కుక్కకు 1,022 ఆటవస్తువుల పేర్లు నేర్పినట్లు 2011లో ప్రకటించాడు. పేర్లే కాదు, "బంతి" అంటే ఏదో ఒక బంతి కాదనీ, బంతులన్నిటికీ అది పేరనీ అది గ్రహించింది. తెలిసిన వస్తువుల మధ్య ఒక కొత్త వస్తువు పెట్టి, వినని పేరు చెబితే, ఆ కొత్తదాన్నే తెచ్చేది. అయితే ఇదంతా ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన కుక్క సంగతి. వీధి అరుగు మీది కుక్కలన్నీ ఇంతటివని కాదు.

కాబట్టి కొంతమేరకు అందుతాయనే చెప్పాలి. కాని ఎంతవరకు అన్నది ముఖ్యం. దీని మీదే ఆ మూగజీవికి మనం చేసే న్యాయం ఆధారపడి ఉంది.

పొద్దున ఎప్పుడో చెప్పు కొరికిన కుక్కను సాయంత్రం ఇంటికి వచ్చి కొట్టేవాళ్ళున్నారు. "తప్పు చేశానని దానికి తెలుసండీ, చూడండి ఎలా తల దించుకుందో" అంటారు. 2009లో అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అనే పరిశోధకురాలు ఈ మాటనే పరీక్షకు పెట్టింది. తినవద్దన్న తినుబండారాన్ని ముట్టని కుక్కలను కూడా, అవి తిన్నాయనుకుని యజమానులు కోప్పడితే, అవీ అలాగే తల దించుకున్నాయి. అంటే ఆ చూపు తప్పును ఒప్పుకోవడం కాదు, ఎదురుగా ఉన్న కోపానికి జడుసుకోవడం. "పొద్దున చేసిన నేరానికి ఇప్పుడు శిక్ష" అన్న లెక్క మనది. దాన్ని కుక్క నెత్తిన రుద్ది కొడితే, అది నేర్చుకునేది ఒక్కటే, మనమంటే భయం.

మన సరిహద్దు ప్రాంతాల ఇళ్ళకు పనికివచ్చే సంగతి మరొకటి ఉంది. హంగరీ దేశపు బుడాపెస్ట్‌లో పద్ధెనిమిది కుక్కలకు ఒకే కథను స్పానిష్‌లోనూ, హంగేరియన్‌లోనూ వినిపించి మెదళ్ళను పరీక్షించారు. 2022లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, అలవాటైన భాషనూ, అలవాటులేని భాషనూ కుక్క మెదడు వేరుగా పోల్చుకుంటుంది. వయసు మళ్ళిన కుక్కల్లో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది. అయితే పోల్చుకోవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. ఇంట్లో అమ్మ "రా" అని, పక్కింటి కన్నడం పిల్లలు "బా" అని, ఎదురింటి తమిళం తాతగారు "వా" అని పిలిస్తే, మూడూ ఒకటేనని దానికి ఎవరైనా ఓపికగా నేర్పాలి. నేర్పకుండా "మాట వినదు" అని కసరడం ధర్మం కాదు.

జంతువును మనిషిని చేసి చూడనక్కరలేదు. రాయిని చేసి చూడనూ వద్దు. దానికి అందేది ఓపికగా నేర్పుదాం. అందనిదానికి శిక్షించకుండా ఉందాం.