చీటీలో వచనం, చేతిలో గ్రంథం



మాస్టారి పేరున ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలుస్తూ, బైబిలు చదివే అలవాటు గురించి మాట్లాడమన్నారు. ఈ విషయం మీద మీరు వినని ప్రసంగం లేదు. వేకువనే లేవాలి, ఫోను దూరంగా పెట్టాలి, ప్రార్థనతో మొదలుపెట్టాలి. ఇవన్నీ మీకు తెలుసు. తెలిసీ ఎందుకు సాగడం లేదన్నదే అసలు ప్రశ్న. బద్ధకం అంటారు పాస్టరుగార్లు. నేను ఒప్పుకోను. వేకువ జామున మూడింటికి లేచి పొలానికి నీళ్లు పెట్టుకునేవాళ్లు, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పిల్లలకు క్యారేజీ కట్టే నర్సులు ఈ సంఘంలోనే ఉన్నారు. వాళ్లను బద్ధకస్తులనడానికి నాకు నోరు రాదు. మనకు చిన్నప్పటి నుంచీ అబ్బిన మరో అలవాటు ఈ అలవాటుకు అడ్డం పడుతోందని నా అనుమానం. వచనాలు ఏరుకోవడమే ఆ అలవాటు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన సంగతి చూడండి. పన్నెండు కొట్టగానే వాగ్దాన చీటీల బుట్ట వస్తుంది. ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని ఒక చీటీ తీస్తారు. మంచి మాట వస్తే ముఖం వెలుగుతుంది. మామూలు మాట వస్తే పక్కవాళ్ల చీటీలోకి తొంగి చూస్తారు. ఆ చీటీ ఫ్రిజ్ మీదో, బీరువా తలుపు మీదో ఏడాదంతా అంటుకుని ఉంటుంది. దీన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. కష్టంలో ఉన్న మనిషికి ఆ ఒక్క వచనమే ఊతం కావచ్చు. కాని ఆ వచనం ఏ పుటలో నుంచి వచ్చిందో ఆ పుట తెరిచేవాళ్లు ఎందరు?

ఆ బుట్టలో తప్పకుండా ఉండే చీటీ ఒకటి చూద్దాం: యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. దేవుడు తన ప్రజల విషయంలో చేసిన ఆలోచనలు మేలుకే తప్ప కీడుకు కావన్న మాట అది. పెళ్లి కార్డుల మీద, ఆటోల వెనక, డిగ్రీ పూర్తయిన పిల్లల ఫ్లెక్సీల మీద కూడా కనిపిస్తుంది. ఇప్పుడు అధ్యాయం మొదటి నుంచి చదవండి. ఇది ఒక ఉత్తరం. నెబుకద్నెజరు యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు యిర్మీయా రాసి పంపిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకుని వాటి పంట తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న ఆ పరాయి పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అంటాడు. ఆ తర్వాత 10వ వచనంలో డెబ్బై ఏళ్ల గడువు వస్తుంది. ఉత్తరం అందుకున్నవాళ్లలో నడివయసు దాటినవాళ్లెవరూ తిరుగు ప్రయాణం చూడరు. మేలు చేస్తానన్న మాట ఆ గడువు వెనక వస్తోంది.

ఇంకొక్క అధ్యాయం వెనక్కి వెళ్లండి. 28లో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుంది, రాజు తిరిగి వస్తాడు, మందిరపు ఉపకరణాలూ తిరిగి వస్తాయి అని నిండు సభలో ప్రకటించాడు. యిర్మీయా మెడ మీది కాడిని లాగి విరగ్గొట్టాడు కూడా. జనం వినాలనుకున్న మాట హనన్యా చెప్పాడు. అది అబద్ధమని గ్రంథమే తేల్చింది. 11వ వచనాన్ని ఈ ఏడాదే నా కష్టం తీరుతుందన్న హామీగా చదువుకుంటున్నామంటే, యిర్మీయా పేరు పెట్టుకుని హనన్యా మాట చదువుకుంటున్నట్టే. గల్ఫ్‌ నుంచి కొడుకు రాసిన నాలుగు పేజీల ఉత్తరంలో ‘బాగున్నాను’ అన్న ముక్క ఒక్కటీ కత్తిరించి దాచుకుని, జీతం రాలేదన్న మూడు పేజీలు పారేసే తల్లి ఉంటుందా?

ఈ ముక్కలు చేయడానికి వీలు కల్పించిన అంకెలు కూడా గ్రంథంతో పుట్టినవి కావు. మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ పేరున ప్రచారంలోకి వచ్చింది. క్రొత్త నిబంధనకు మనం ఎరిగిన వచన సంఖ్యలు వేసింది రాబర్ట్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు, 1551లో. ఆ అంకెలు లేని రోజుల్లో పౌలు పత్రిక అందుకున్న సంఘం దాన్ని పత్రికగానే చదివించుకుని వింది. మన తెలుగువాళ్ల దగ్గరికి కూడా అట్టవేసిన పెద్ద బైబిలు మొదట రాలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్‌వాళ్లు ఆనందరాయర్ అనే ఆయన సాయంతో అనువాదానికి పూనుకున్నారు. 1812లో శ్రీరాంపురంలో అచ్చయి వచ్చినవి కొన్ని సువార్తలే. పుస్తకం పుస్తకంగా వచ్చింది, పుస్తకం పుస్తకంగానే చదివారు.

అలా చదివినవాళ్లలో మనకు దగ్గరి మనిషి భక్తసింగ్. ఆయన సేవ సాగిన హైదరాబాదు హెబ్రోను తెలియని తెలుగు క్రైస్తవుడు అరుదు. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన ఆయన, విద్యార్థిగా ఉన్నప్పుడు చేతికొచ్చిన బైబిలును చించి, బాగుందని అట్ట మాత్రం దాచుకున్నానని తన సాక్ష్యంలో చెప్పేవారు. 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక మిత్రుడిని అడిగి క్రొత్త నిబంధన తీసుకుని గంటల తరబడి చదివారు. చీటీ తీసిన మనిషి కాదు ఆయన, పుస్తకం పట్టుకుని కూర్చున్న మనిషి. తర్వాతి కాలంలో మోకాళ్ల మీద బైబిలు చదివే ఆయన పద్ధతి గురించి మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. మోకాళ్లను గుర్తుపెట్టుకున్నంతగా ఆ గంటల్ని మనం గుర్తుపెట్టుకోలేదని నాకు అనిపిస్తుంది.

సరే, చీటీ పక్కన పెట్టి మొత్తం చదువుదామని జనవరి 1న పూనుకున్నారనుకోండి. మొత్తం 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. రోజుకు మూడు చదివితే 17వ తేదీకి ఆదికాండము అయిపోతుంది. యోసేపు కథ దగ్గర ఒకటి రెండు అధ్యాయాలు ఎక్కువే చదువుతారు. 25వ తేదీకి నిర్గమకాండములో గుడారపు కొలతలు మొదలవుతాయి: తెరలు, కొలుకులు, దిమ్మలు. 31న లేవీయకాండము. ఇక్కడే చాలామంది బైబిలుకు రిబ్బను అడ్డం పెట్టి మూసేస్తారు. బలుల విధులు, చర్మరోగాల పరీక్షలు చదివి మనకెందుకులే అనుకుంటారు.

ఆగకుండా 19వ అధ్యాయం దాకా వెళ్లినవాళ్లకు వేరే దృశ్యం కనిపిస్తుంది. పొలం కోసేటప్పుడు అంచులు పూర్తిగా కోయవద్దు, పరిగె ఏరవద్దు, అది బీదలకూ పరదేశులకూ వదలాలి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. గుడ్డివాడి దారిలో అడ్డం వేయవద్దు. త్రాసు, రాళ్లు సరిగా ఉండాలి. పొరుగువాడిని ప్రేమించమన్న ఆజ్ఞ ఈ లెక్కల మధ్యే ఉంది. ఇది చదివినవాళ్లు కొన్ని వారాల తర్వాత రూతు పుస్తకం తెరిస్తే, బోయజు చేలో పరిగె ఏరుకునే ఆ మోయాబు విధవరాలు వేరేగా కనిపిస్తుంది. బోయజు దయగల మనిషే. అయితే అతని దయకు ముందు ఒక చట్టం ఉంది. ఆ చట్టం ప్రకారం ఆమె బీదగా, పరదేశిగా రెండు విధాలా హక్కుతోనే ఆ చేలోకి అడుగుపెట్టింది. లేవీయకాండము వదిలేసినవాళ్లకు రూతు ఒక ప్రేమకథ మాత్రమే.

మాస్టారి బైబిలు వారి ఇంట్లో చూపించారు. అరుగుదలకు అంచులు గుండ్రమైపోయాయి. ఈ 19వ అధ్యాయం పక్కన, కూలి వచనం దగ్గర, ‘పాలేరుకు ఇవ్వాలి’ అని పెన్సిలుతో రాసి ఉంది. దాని మీద అడ్డంగా ఇంకో గీత. ఇచ్చేశారన్నమాట. అంతకు మించిన వ్యాఖ్యానం ఆ వచనానికి నేనెక్కడా చదవలేదు.

ప్రణాళికల విషయంలో స్కాట్లండులోని డండీ సంఘ కాపరి రాబర్ట్ మర్రే మెక్‌షేన్ పేరు చెప్పాలి. 1842 చివర్లో తన సంఘంవాళ్ల కోసం ఆయన ఒక పఠన క్యాలెండర్ తయారుచేశారు. రోజుకు నాలుగు అధ్యాయాలు, రెండు కుటుంబంతో, రెండు ఏకాంతంగా. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తవుతాయి. కొద్ది నెలలకే, 29 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు. క్యాలెండర్ ఇప్పటికీ నడుస్తోంది. అయితే దాన్ని పంచేవాళ్లు చాలామంది దానికి ఆయన రాసిన ముందుమాటను వదిలేస్తారు. అందులో ఆయన ప్రయోజనాల కంటే ముందు ప్రమాదాలు చెప్పారు. మొక్కుబడిగా చదవడం, చదివేశానన్న అతిశయం, అజాగ్రత్తగా పుటలు తిప్పేయడం, మోయలేని బరువు నెత్తినేసుకోవడం. ఇప్పుడు ఫోన్ యాప్‌లో వరసగా ఎన్ని రోజులు చదివామో లెక్క కనిపిస్తుంది. లెక్క తెగకూడదని రాత్రి 11:55కి ఒక అధ్యాయం తెరిచి, వేలితో కిందికి తోసి నిద్రపోయేవాళ్లను మనం ఎరుగుదుం. మెక్‌షేన్ చెప్పిన మొదటి మూడు ప్రమాదాలూ ఆ అయిదు నిమిషాల్లోనే ఉన్నాయి.

అందుకని కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ఏడాదిలో బైబిలంతా అనే లక్ష్యం చెప్పను. క్రొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి అయిదు రోజులు, రోజుకు ఒక అధ్యాయం చదివితే 52 వారాలకు సరిగ్గా సరిపోతుంది. వారానికి రెండు రోజులు ఖాళీ. ఒకటి పోయిన రోజుకు, ఇంకొకటి చదివింది మళ్లీ చూసుకోవడానికి. మూడు రోజులు తప్పితే ఆ మూడు రోజుల బాకీ తీర్చే పని పెట్టుకోవద్దు. రిబ్బను ఎక్కడుందో అక్కణ్నుంచి చదవండి. బాకీ పేరుకుపోతోందన్న భయంతో పుస్తకం తెరవడం మానేసినవాళ్లే ఎక్కువ.

వేళ విషయంలో మనవాళ్లు వేకువ వేకువ అని పట్టుబడతారు. ఆర్టీసీలో తొలి ట్రిప్పు డ్యూటీ పడిన కండక్టరుకు వేకువ ఎక్కడిది? మధ్యాహ్నం అన్నం తిన్నాక డిపోలో పావుగంట అతని వేకువ. ఇప్పటికే రోజూ చేస్తున్న పనికి దీన్ని తగిలించుకుంటే చాలు. టీ తర్వాతో, దీపాలు పెట్టాకో. వీలైతే పైకి చదవండి. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటుంటే ఫిలిప్పుకు వినపడింది. ఆ కాలంలో గొంతుతో చదవడం మామూలు. మన పాత అనువాదంలోని గ్రాంథిక వాక్యాలు కంటితో చదివితే ముళ్లలా తగులుతాయి, గొంతులోకి వస్తే దారికొస్తాయి. చదవడం రాని అవ్వ పక్కన ఉంటే మరీ మంచిది. ఆమె ఆపి అడిగే ప్రశ్నలు మనకు తట్టవు.

అన్నట్టు ఆ ఐతియొపీయుడు కూడా నాకు అర్థం కావడం లేదని సిగ్గుపడకుండా చెప్పాడు. అధ్యయనం అక్కడే మొదలవుతుంది. బెరయవాళ్లు పౌలు అంతటివాడు చెప్పిన మాటను కూడా లేఖనాలతో రోజూ సరిచూసుకున్నారని లూకా మెచ్చుకుంటూ రాశాడు. మన దగ్గర ప్రసంగాన్ని సరిచూసుకుంటే అయ్యగారికి కోపం వస్తుందేమోనని భయం. పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఏ పరిస్థితిలో, దీనికి ముందు ఏం జరిగింది అన్నవి రాసుకోండి. అర్థం కాని చోట ప్రశ్న గుర్తు వేయండి. రంగు రంగుల హైలైటర్లు ఎందుకోగాని నాకు నచ్చవు. అవి కూడా వచనాలు ఏరడానికే పనికొస్తాయి.

చివరగా ఈ స్మారక నిధి పెద్దలకు ఒక విన్నపం. మాస్టారి పేరున ఏటా బైబిలు క్విజ్ పెడుతున్నారు. మెతూషెల ఎన్నేళ్లు బతికాడు, నోవహు ఓడ పొడవెంత అని అడిగి పిల్లలకు స్టీలు గిన్నెలు ఇస్తున్నారు. గిన్నెలు ఆపమనను, తల్లులు ఊరుకోరు. కాని అందులో కొంత సొమ్ముతో మార్కు సువార్త, రూతు, యోనా విడివిడిగా, పెద్ద అక్షరాలతో, రెండు పక్కలా వెడల్పాటి అంచు వదిలి, వచన సంఖ్యలు లేకుండా అచ్చు వేయించండి. అనువాదం హక్కులు ఎవరివైతే వారి అనుమతి తీసుకోవాలి, ఆ ఉత్తరం నేను రాసిపెడతాను. యోనా నాలుగు అధ్యాయాలే, ఏడో తరగతి పిల్ల ఒక్క సాయంత్రంలో చదువుతుంది. మార్కు పైకి చదివితే రెండు గంటల పని. వచ్చే ఏడు ఈ సభలో ఉపన్యాసం కంటే ముందు మీలో నలుగురు వంతులవారీగా మార్కు మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఉపన్యాసానికి టైము మిగలకపోయినా వచ్చే ఏడు వక్త ఏమీ అనుకోరు. అనుకుంటే నా పేరు చెప్పండి.