రాగిరేకులు, రాతిపలకలు, గ్రంథాలయములు



పుస్తకములు దాచు చోటికి రాగిరేకులును, విరిగిన శిల్పములును, చెదలు తిన్న తాళపత్రములును ఏల రావలెనని కొందరు ప్రశ్నింతురు. దీనికి సమాధానము రాజమహేంద్రవరమున దొరకును.

1922లో ఆ పట్టణమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసినది. వేంగీ ప్రభువైన రాజరాజనరేంద్రుడు పట్టాభిషిక్తుడై ఆ యేటికి సరిగా తొమ్మిదివందల సంవత్సరములు నిండినవి. ఆ సందర్భమున పట్టాభిషేక సంచికయు వెలువడినది. ఆ పట్టాభిషేక కాలమును తెలిపినవి కావ్యములు కావు, కోరుమిల్లిలో దొరకిన రాగిరేకులు. నన్నయభట్టు రచించిన నందంపూడి శాసనము సైతము 1053 నాటి రాగిరేకులపై నిలిచినదే. రేకుల కొసలను గుచ్చిన వలయము, దానిపై వరాహలాంఛనముతో కూడిన రాజముద్ర చూచువారికి ముచ్చట గొలుపును గాని, కంచరివాని కొలిమికి వాటి తూకముతోనే పని. ఆ కొలిమినుండి తప్పించుకొనినవెన్ని, అందులో కరగినవెన్ని, లెక్క చెప్పగలవారు లేరు.

భావరాజు వేంకటకృష్ణారావు, రాళ్ళబండి సుబ్బారావు మొదలైన వారు మండలి పని జరిపిరి. అది వారికి జీతపు కొలువు కాదు. 1926నుండి ఆంగ్లమున త్రైమాసిక పత్రికను నడపిరి. 1930లో కళింగదేశ చరిత్రమును, 1935లో కాకతీయ సంచికను వెలువరించిరి. అచ్చుపనితోపాటు శాసనములు, నాణెములు, విగ్రహములు, తాళపత్రములు చేరుచు ఒక ప్రదర్శనశాలయు పెరిగినది. తెలంగాణమున లక్ష్మణరాయ పరిశోధక మండలి ఇట్టి సేవయే చేసి, 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించినది. ఆ సంస్థయు 1922లో పుట్టినదే. మరుసటి యేట కొమఱ్ఱాజు లక్ష్మణరావు పరమపదించగా ఆయన పేరు దానికి వచ్చినది.

ఈ పనిలో ధనముకంటె ఓర్పు ఎక్కువ కావలెను. రాతిపలకను నీటితో కడిగి, కుంచెతో మట్టి తీసి, తడిపిన కాగితమును పరచి, అక్షరముల గుంటలలోనికి దిగునట్లు కుంచెతో మెల్లగా కొట్టవలెను. కాగితము కొంచె మారిన పిమ్మట సిరా అద్దినచో నల్లని నేలపై తెల్లని అక్షరములు తేలును. తాళపత్రమునకైనచో నిమ్మగడ్డి నూనె రాయుదురు. పురుగు దరిచేరదు, ఆకు పెళుసెక్కదు. ఇంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. వస్తువు ఏ యూరిలో, ఏ పొలమున, ఎంత లోతున, ఎవరికి దొరకినదో ఆనాడే వ్రాసికొనవలెను. ఆ నాలుగు మాటలు లేనిచో ఎంతటి విగ్రహమైనను అనాథయే.

పల్లెలలో దొరకినది బయట పెట్టకుండుటకు భయ మొక కారణము. సర్కారు ఉత్తచేతులతో తీసికొనిపోవునని రైతు నమ్మకము. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, నేలలో దాచబడినట్టిది పది రూపాయల విలువకు మించి దొరకినచో కలెక్టరుకు తెలుపవలెను, నిజమే. అయితే సొంతదారుడు తేలనిచో దొరకించుకొనినవానికి ముప్పాతిక, భూమి యజమానికి తక్కిన పాతిక అని వాటాలు గూడ అదే చట్టము చెప్పినది. ప్రభుత్వమే గైకొనినచో లోహపు విలువపై అయిదవ వంతు అదనముగా ఇయ్యవలెను. ఈ సంగతి చదివి వినిపించుటకు గ్రంథాలయ కార్యదర్శికంటె తగినవా డెవ్వడు?

1967లో ఆ ప్రదర్శనశాల ప్రభుత్వము చేతికి వచ్చి, రాళ్ళబండి సుబ్బారావు పేరిట గోదావరి యొడ్డుననే నిలిచినది. వస్తువులకు రక్షణ కలిగినది, అది మేలే. కాని ఊరూర తిరిగి, అరుగుపై కూర్చుండి, ముసలివారిచేత పాత సంగతులు చెప్పించుకొను పని ఏ ఉద్యోగికిని అప్పగింపదగినది కాదు. ఆ పని ఊరివారికే మిగిలినది.

గ్రంథాలయమునకు ఒక బీరువా, ఒక దస్త్రము, తెలుగు చదువ నేర్చిన నలుగురు పడుచువారు చాలును. పొలముల పేర్లు, చెఱువుల పేర్లు, ఇంటిపేర్లు ముందుగా వ్రాయింపవచ్చును. చాళుక్యుల దానశాసనములలో పొలిమేరలు చెప్పు పట్టున ఇట్టి పేర్లే కనబడును. గుడిలోని శాసనమును గుడిలోనే ఉంచి నకలు మాత్రము తీసికొనుట మంచిది. ఉత్సవములకు ముందు గోడలకు సున్నము కొట్టించునప్పుడు అక్షరముల రాళ్ళను విడిచిపెట్టవలెనని ధర్మకర్తలతోను, కూలివారితోను ముందే చెప్పియుంచవలెను. ఒక్కొక్క పూత పడినకొలదిని అక్షరము పూడిపోవును. ఆ పూతను ఉలితో గీకబోయినచో అక్షరముతో కూడ ఊడివచ్చును.