అక్టోబరు 2 - పంచాయతీల తేదీ

గ్రామ పంచాయతీ సభ్యులారా,

అక్టోబరు 2 అనగానే గాంధీ మహాత్ముని జయంతి స్ఫురించును. 1869లో ఆయన పోర్‌బందరులో జన్మించిన దినమది. 1904లో లాల్ బహదూర్ శాస్త్రిగారు జన్మించినదియు ఆ దినముననే. ఆ సంగతి మన సభలలో తరచు చివరి మాటగా మాత్రమే వినవచ్చుచుండును. అది న్యాయము కాదు. ఆ తేదీకి పంచాయతీలకు సంబంధించిన చరిత్ర మరియొకటి కలదు. నేడు దానినే ముచ్చటింపదలచినాము.

1952 అక్టోబరు 2న దేశమందు 55 సమాజ వికాస ప్రణాళికలు ప్రారంభమైనవి. ఒక్కొక్క దానిక్రింద సుమారు 300 గ్రామములు. బాటలు, బావులు, బడులు, మేలురకపు విత్తనములు, పశువైద్యము - అన్నింటిని ఒకచోట సమకూర్చుట ఉద్దేశము. మరుసటి ఏడు అదే తేదీన జాతీయ విస్తరణ సేవ మొదలైనది. గ్రామసేవకుడు ఊరూర తిరిగెను. పనులును కొన్ని జరిగినవి. కాని ఏ ఊరికి ఏది ముందు కావలెనో నిర్ణయించినవారు చాలవరకు అధికారులే. గ్రామస్థులు ఇచ్చినది పుచ్చుకొనువారుగా మిగిలిరి. ప్రభుత్వ ప్రచారశాఖవారమైన మేము ఈ మాట చెప్పుటకు సంకోచింపనక్కరలేదు. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము చెప్పినదియు ఇదియే. ప్రజలెన్నుకొన్న సంస్థకు అధికారమును, నిధులను అప్పగించిననే తప్ప స్థానికముగా చొరవ పుట్టదని తేల్చి, ఆ సంఘము గ్రామము, సమితి, జిల్లా అను మూడంచెలను సూచించినది.

అంతట 1959 అక్టోబరు 2న రాజస్థానమందలి నాగౌరులో నెహ్రూగారు పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించిరి. అదే నెల 11న షాద్‌నగరులో మన రాష్ట్రమున కూడ ఆయన చేతులమీదుగనే అది ప్రారంభమైనది. గాంధీ జయంతిని ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదు. రాజ్యాంగపు చిత్తుప్రతిలో గ్రామ పంచాయతీల ఊసే లేకుండెను. 1948 నవంబరులో సవరణ తెచ్చి చేర్చినదే నేటి 40వ అధికరణము. అయితే అది ఆదేశక సూత్రము మాత్రమే, న్యాయస్థానమున అడుగుటకు వీలులేదు. అందుచేతనే పలు రాష్ట్రములలో పంచాయతీ ఎన్నికలు ఏండ్ల తరబడి వాయిదా పడినవి. అయిదేండ్ల కొకసారి ఎన్నికలు జరుపవలెనను నిబంధన రాజ్యాంగమున చేరి అమలులోనికి వచ్చినది 1993 ఏప్రిల్ 24న.

2014లో స్వచ్ఛ భారత్ ఆరంభమైనదియు అక్టోబరు 2ననే.

ఆనాడు పటమునకు పూలమాల వేసిన పిమ్మట గ్రామసభ కూర్చుండనిండు. జమాఖర్చులు చదివి వినిపింపుడు. ఏ పని ముందో వాడవాడవారిని అడిగి వ్రాసికొనుడు. రిజిష్టరును ఇంటింటికి పంపి సంతకములు తెప్పించు ఆచారము కొన్నిచోట్ల ఉన్నట్లు వినుచున్నాము. తీర్మానమును సభలో చదివిన తరువాతనే, సభలోనే, సంతకములు చేయింపుడు.