పరిశోధనశాలకు ఫ్రీజర్ ఎలా వస్తుంది?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కిందిది. అలాంటి సంస్థకు నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కావాలంటే, నచ్చిన కంపెనీకి ఫోన్ చేసి తెప్పించుకోవడం కుదరదు. కేంద్ర ప్రభుత్వ 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం, ముందు ప్రభుత్వ కొనుగోళ్ల వేదిక అయిన జెమ్ పోర్టల్ చూడాల్సి ఉండేది; 2025లో పరిశోధన పరికరాలకు ఈ షరతు సడలింది. ఖరీదైన పరికరాలకు సాంకేతిక బిడ్, ధర బిడ్ విడివిడిగా పిలుస్తారు. మొదటిదాంట్లో నెగ్గినవాళ్ల ధరలే తెరుస్తారు. వాళ్లలో తక్కువ కోట్ చేసినవారికి, అంటే ఎల్1కి, సాధారణంగా ఆర్డరు దక్కుతుంది.

అసలు కీలకమంతా స్పెసిఫికేషన్ రాయడంలోనే ఉంది. కరెంటు పోతే చలి ఎన్ని గంటలు నిలవాలి, రిపేరుకు మనిషి ఎప్పటిలోగా రావాలి అన్నది రాయకపోతే, ఏళ్ల తరబడి సేకరించిన నమూనాలు ఒక్క రాత్రిలో పాడైపోవచ్చు. అలాగని ఒకే కంపెనీకి సరిపోయేలా రాయడమూ తప్పే. తయారీదారు నిజంగా ఒక్కరే అయితే, ఆ సంగతి ధ్రువీకరించి కొనాలి. ఇక అమ్మేవారి వైపు చూస్తే, సూక్ష్మ, చిన్న తయారీ సంస్థలకు బిడ్ ధరావత్తు మినహాయింపు ఉంది. మన చిన్న యూనిట్లవాళ్లు దాన్ని తప్పక వాడుకోవాలి.