నడుము నొప్పి: విరుపు వైద్యం, మన జాగ్రత్త

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాకు ముందు మాట్లాడినవారు వెన్న శాతం గురించి, దాణా గురించి, పచ్చిమేత గురించి ఎన్నో మంచి విషయాలు చెప్పారు. మేము పశువును గురించి గాక, పశువును సాకే మనిషిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలిచాము. పాడి చేసే ఇంట్లో నడుము నొప్పి, మెడ నొప్పి, భుజం నొప్పి లేనివారు అరుదు. మన సమావేశాల్లో మాత్రం ఆ ప్రస్తావన ఎన్నడూ రాదు. మా సంఘంలో జరిగిన ఒక పొరపాటు వల్ల మాకు ఈ విషయం మాట్లాడక తప్పలేదు. ఆ పొరపాటు మాదే. అందుకే దాచకుండా చెబుతున్నాము.

ముందుగా మన పని తీరు చూడండి. తెల్లవారుజామున గేదె పక్కన మునికాళ్ల మీద కూర్చుని, తల ఒక పక్కకు వాల్చి, రెండు చేతులతో పాలు పితకాలి. తర్వాత వంగి పేడ ఎత్తాలి. గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని చేను గట్ల మీద నడవాలి. దాణా బస్తా 50 కిలోలు ఉంటుంది. ఇక సేకరణ కేంద్రంలో 40 లీటర్ల క్యాను సంగతి చెప్పనక్కరలేదు. లీటరు పాలు కిలో కంటె కాస్త ఎక్కువే తూగుతాయి గనుక, క్యాను బరువుతో కలిపితే 45 కిలోలు దాటుతుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే జాతీయ సంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారం, బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, అన్ని విధాలా అనువుగా ఉన్నప్పుడు సైతం ఒక మనిషి ఎత్తదగినది 23 కిలోలు. మన కుర్రవాడు నేల మీది నుంచి, నడుము వంచి, వ్యాను వైపు మెలి తిరిగి అంతకు రెట్టింపు ఎత్తుతున్నాడు. బల్క్ కూలర్లు వచ్చిన చోట ఈ బాధ తగ్గింది గాని, క్యాన్లు అన్ని ఊళ్లలోనూ పోలేదు.

నొప్పి వస్తే మనవాళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు. నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాడిని పిలిచి తన్నించుకుంటారు. మెడ పట్టేస్తే తలగడ ఎండలో వేస్తారు. క్షౌరం చేయించుకున్న తర్వాత మెడ అటూ ఇటూ విరిపించుకుంటారు. ఇప్పుడు దీనికి తోడు పట్నాలలో కైరోప్రాక్టిక్ అనే పేరుతో కేంద్రాలు వెలిశాయి. బల్ల మీద పడుకోబెట్టి వెన్ను పూసల మీద చేత్తో చటుక్కున ఒత్తితే టపటపమని చప్పుడు వచ్చే వీడియోలు మన పిల్లల ఫోన్లలో కనబడుతున్నాయి. వాటిని చూసి మన సభ్యులు కూడా వెళుతున్నారు. అందువల్ల ఆ వైద్యం ఏమిటో, అది ఎంతవరకు పనికివస్తుందో తెలుసుకోవడం మంచిది.

ఈ వైద్యం అమెరికాలో పుట్టింది. 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టారు. ఆయన పనిచేసే భవనాన్ని శుభ్రం చేసే హార్వీ లిల్లార్డ్ అనే వ్యక్తికి చెవుడు ఉండేది. వంగి పనిచేస్తుండగా వీపులో ఏదో కదిలినట్లయి అప్పటినుంచి వినబడడం లేదని లిల్లార్డ్ చెప్పారట. పామర్ ఆ వెన్ను పూసను సర్దగా వినికిడి వచ్చిందని ప్రచారమయింది. 1897లో ఆయన ఒక పాఠశాల కూడా పెట్టారు. రోగాలలో ఎక్కువ భాగం పూసలు జరగడం వల్లనే వస్తాయన్నది ఆయన వాదం. ఆ వాదాన్ని నేటి విజ్ఞానశాస్త్రం అంగీకరించదు. వినికిడి నరం వీపు పూసల గుండా పోదు కూడా. అయినా ఆ వైద్యం అక్కడ నిలదొక్కుకున్నది. 1913లో కాన్సాస్‌తో మొదలై 1974లో లూసియానాతో అమెరికాలోని అన్ని రాష్ట్రాలూ దానికి లైసెన్సు చట్టాలు చేశాయి.

మరి నొప్పికి పనికిరాదా అంటే, కొంత పనికివస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుము నొప్పి మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. వ్యాయామం, నొప్పిని గురించిన అవగాహన, మర్దన వంటి వాటితో పాటు వెన్నును చేత్తో సర్దే వైద్యాన్ని కూడా వాడదగిన వాటిలో చేర్చింది. నడుముకు కట్టే బెల్టులు, బరువులు వేలాడగట్టి నడుము లాగడం మామూలుగా వద్దన్నది. కాబట్టి తెలిసినవారి చేతిలో ఈ వైద్యం కొందరికి ఉపశమనం ఇవ్వవచ్చు. అది అనేక మార్గాలలో ఒకటి మాత్రమే. ఆ టపటప చప్పుడుకు మోసపోవద్దు. జరిగిన పూస తిరిగి చోటికి వచ్చిన చప్పుడు కాదది. కీలులోని ద్రవంలో వాయువు వల్ల వచ్చే చప్పుడు. మన వేళ్లు విరుచుకున్నా అదే వస్తుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. మెడను ఒక్కసారిగా తిప్పి విరవడం వల్ల, అరుదుగానే అయినా, మెదడుకు పోయే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. మెడ విషయంలో సరదా పనికిరాదు. రెండవది, చేసేవారి చదువు. పూర్తి స్థాయి శిక్షణకు నాలుగేళ్లు, కనీసం 4,200 గంటలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో చెప్పింది. మన దేశంలో ఈ వైద్యులను నమోదు చేసే ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు. బోర్డు ఎవరైనా కట్టుకోవచ్చు. కాబట్టి ముందు డాక్టరుకు చూపించి, ఆయన సలహా మీద చదువుకున్న ఫిజియోథెరపిస్టు దగ్గరకు పోవడం మనకు అందుబాటులో ఉన్న క్షేమమైన దారి.

ఇక మా పొరపాటు సంగతికి వస్తాము.

మా సంఘంలో ఒక సోదరి రెండు పూటలా పాలు పోసేది. రెండు గేదెలు, ఒక పడ్డ ఆమె ఆస్తి. ఒకనాడు ఒక గేదె ఎనిమిదో నెల చూలుతో ఈసుకుపోయింది. ఇంట్లో ఎవరూ లేకపోతే ఆమే ఉత్త చేతులతో చచ్చిన దూడను, మాయను తీసి పారవేసింది. రెండు నెలల తర్వాత ఆమెకు నడుము నొప్పి మొదలైంది. పాలు పితకడం వల్ల వచ్చిందని ఆమె అనుకుంది, మేమూ అదే అనుకున్నాము. సంఘంలో ఎవరో పట్నంలో విరుపు వైద్యం చేసేచోటు చెప్పారు. ఆమె దగ్గర డబ్బు లేకపోతే మా పాలకవర్గమే చందా వేసి ఆటో మాట్లాడి పంపింది. మంచి పని చేశామని సంతోషించాము కూడా.

మొదటిసారి ఒక రోజు హాయిగా ఉన్నదన్నది. రెండోసారి పూట కూడా నిలవలేదు. మూడోసారి బల్ల మీదనే కేకలు పెట్టింది. అప్పటికి సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడడం, రాత్రి చీర తడిసేటంత చెమట పట్టడం, తిండి సయించకపోవడం ఉన్నాయి. జ్వరం వస్తున్నదా అని అక్కడ ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. చివరకు గేదెకు సూది వేయడానికి వచ్చిన పశువైద్య సహాయకుడు ఆమె వాలకం చూసి, ఈసుకుపోయిన గేదె సంగతి విని, వెంటనే పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. రక్త పరీక్షలో బ్రూసెల్లోసిస్ అని తేలింది. అది వెన్ను కీలుకు సోకింది. నెలల తరబడి మందులు వాడవలసి వచ్చింది. ఆ ఖర్చులకు పాలిచ్చే గేదెను అమ్ముకున్నది.

నయమై తిరిగి వచ్చిన తర్వాత ఆమె మమ్మల్ని ఒక మాట అడిగింది. “నడుము విరిపించుకోవడానికి డబ్బులిచ్చారు గాని, నా గేదె ఈసుకుపోయిందని మీ పుస్తకంలో రాసే ఉంది గదయ్యా! ఆ రెండూ కలిపి ఎవరూ చూడలేదేం?” అన్నది. మా దగ్గర జవాబు లేదు. పాలలో నీళ్లు ఎంత కలిసాయో చెప్పగలిగిన మేము, మా పుస్తకంలోనే ఉన్న సంగతి చూడలేకపోయాము.

సోదరులారా, బ్రూసెల్లోసిస్ కొత్త జబ్బు కాదు. మనుషుల్లో దీని క్రిమిని 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ కనుగొన్నారు. ఆవులలో గర్భస్రావం కలిగించే క్రిమిని 1897లో డెన్మార్కులో బెర్న్‌హార్డ్ బాంగ్ కనుగొన్నారు. ఈసుకుపోయిన పశువు మాయలో, ఉమ్మనీటిలో ఈ క్రిమి కోట్లాదిగా ఉంటుంది. చేతి మీది గాయాల ద్వారా, కాచని పాల ద్వారా మనిషికి చేరుతుంది. వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, కీళ్ల నొప్పులు, నడుము నొప్పి దీని లక్షణాలు. డాక్టరు ఇచ్చే మందులు కనీసం ఆరు వారాలు, వెన్నుకు సోకితే ఇంకా ఎక్కువ కాలం వాడాలి. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు పెయ్య దూడలకు జీవితంలో ఒక్కసారి టీకా వేయిస్తే పశువుకు రక్షణ ఉంటుంది. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో ఈ టీకా కూడా ఉన్నది.

కాబట్టి నడుము నొప్పి అన్నీ ఒకటి కాదని గుర్తుంచుకోవాలి. ఎక్కువ నొప్పులు కండరాలు, కీళ్లు అలిసి వచ్చేవి. అవి కొద్ది వారాలలో తగ్గుతాయి. వాటికి రోజుల తరబడి మంచం పట్టడం మంచిది కాదు. ఓర్చుకోగలిగినంత వరకు తిరుగుతూ ఉండాలి. అయితే నొప్పితో పాటు జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా, కాళ్లలో బలం పోతున్నా, మొల ప్రాంతం తిమ్మిరెక్కినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, ఎత్తు నుంచి పడిన తర్వాత వచ్చినా, వెంటనే ఆసుపత్రికి పోవాలి. వెన్నెముక క్షయ కూడా ఇలాగే నడుము నొప్పిగా మొదలు కావచ్చు. ఇటువంటి వారిని ఎవరి చేతా విరిపించరాదు, తొక్కించరాదు.

ఆ తర్వాత మా సంఘంలో చేసుకున్న ఏర్పాట్లు చెప్పి ముగిస్తాము. క్యాను ఎవరూ ఒంటరిగా ఎత్తరాదని తీర్మానించాము. ఇద్దరు పట్టుకుంటే ఒక్కొక్కరికి సుమారు 23 కిలోలే పడుతుంది. వ్యాను ఎత్తుకు సరిపోయేటట్లు కేంద్రం ముందు సిమెంటు దిమ్మె కట్టించాము. దానికి ఏటవాలు బాట ఉన్నందున క్యానును దొర్లించి ఎక్కిస్తున్నారు. పాలు పితికేవారు చిన్న పీట వేసుకోవాలని, బరువు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, క్యాను ఒంటికి ఆనించుకుని, మెలి తిరగకుండా అడుగులు వేసి తిరగాలని కేంద్రంలో రోజూ చెబుతున్నాము. గడ్డి మోపు ఒక్కటిగా గాక రెండుగా కట్టమంటున్నాము. నడక ఎక్కువైనా నడుము మిగులుతుంది.

అన్నిటి కంటె ముఖ్యమైనది ఒకటున్నది. ఏ ఇంట్లో గేదె ఈసుకుపోయినా ఆ పేరు పక్కన ఎర్ర సిరాతో గీత గీస్తున్నాము. పశువైద్యుడికి కబురు చేస్తున్నాము. మాయను చేతులకు తొడుగులు లేకుండా ముట్టవద్దని, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలని చెబుతున్నాము. ఆరు నెలల వరకు ఆ ఇంటివారిని, “జ్వరం గాని, నడుము నొప్పి గాని ఉన్నదా?” అని పాలు పోసేటప్పుడే అడుగుతున్నాము. దీనికి ఖర్చు లేదు, ఎర్ర సిరా కలం ఒక్కటి చాలు.

ఆ సోదరి ఇప్పుడు మిగిలిన గేదెతో మళ్లీ పాలు పోస్తున్నది. పడ్డ చూడి కట్టింది. దాని పేరు పక్కన టీకా తేదీ ఉన్నదో లేదో ఆమే పుస్తకం తిప్పించి చూసుకుంటుంది. మీరు కూడా మీ ఊరికి వెళ్లగానే మీ పుస్తకం ఒకసారి తెరిచి, ఈ ఏడాది ఈసుకుపోయిన పశువులు ఎవరివో, ఆ ఇంట్లో ఎవరికి నడుము నొప్పి ఉన్నదో కనుక్కోవలసిందిగా కోరుతున్నాము.